థాయ్‌లాండ్‌లో అద్దె బండి: వెనక సీటు నుంచి ఒక జవాబు

ప్రశ్న: నమస్కారం మేడమ్. మాది కరీంనగర్, ఉద్యోగం హైదరాబాద్‌లో. నాకు 31 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా బుల్లెట్ నడుపుతున్నాను. శ్రీశైలం ఘాట్, మారేడుమిల్లి, అరకు అన్నీ దాని మీదే తిరిగాను. నవంబర్‌లో నేనూ నా భార్యా తొమ్మిది రోజులు థాయ్‌లాండ్ వెళ్తున్నాం. చియాంగ్ మాయ్‌లో స్కూటర్ అద్దెకు తీసుకుని, 762 మలుపులున్న రోడ్డు మీద పాయ్ అనే కొండ ఊరి దాకా వెళ్లాలని నా కోరిక. నిరుడు వెళ్లొచ్చిన ఫ్రెండ్ ఒకడు "ఇంటర్నేషనల్ పర్మిట్ ఏమీ అక్కర్లేదు, పోలీసులు ఆపితే 500 బాత్‌లు కట్టి రసీదు తీసుకో, మూడు రోజులు ఎవరూ అడగరు" అన్నాడు. నిజమేనా? షాపువాళ్లు పాస్‌పోర్టు పెట్టమంటారట, పెట్టొచ్చా? ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకున్నాను, అది సరిపోతుందా? నా భార్యకు కారు లైసెన్సు ఉంది, కాలనీలో యాక్టివా నడుపుతుంది. తనకూ ఒక బండి తీసుకోవచ్చా? తను కొంచెం భయపడుతోంది గానీ అక్కడికి వెళ్లాక సర్దుకుంటుంది. ఇది బాగా జరిగితే వచ్చే ఏడాది వియత్నాంలో హా జాంగ్ లూప్ అనే కొండ దారి చుట్టు వేద్దామని ప్లాన్.
— ఒక పాఠకుడు

సమాధానం: "అక్కడికి వెళ్లాక సర్దుకుంటుంది" అన్నారు చూడండి, ముందు ఆ మాట దగ్గరే ఆగుతాను. ఎందుకంటే 2016లో నా గురించి మా ఆయన కూడా సరిగ్గా ఇదే అనుకున్నారు. పర్మిట్ సంగతీ, పాస్‌పోర్టు సంగతీ, ఇన్సూరెన్స్ సంగతీ అన్నీ చెప్తాను. కానీ అవన్నీ నాకు ఎలా తెలిశాయో చెప్తేనే మీ మనసుకు ఎక్కుతుంది.

అప్పుడు మేం దిగింది కూడా చియాంగ్ మాయ్‌లోనే. మా ఆయన ఇరవై ఏళ్లుగా గేరు బండి నడిపే మనిషి, చేతిలో మన లైసెన్సు తప్ప ఇంకేం లేదు. పాత ఊరి కందకం పక్కన ఒక షాపులో 125 సీసీ హోండా క్లిక్ తీసుకున్నాం. లైసెన్సు అడగలేదు. పాస్‌పోర్టు అడిగారు, ఇచ్చేశాం. మర్నాడు సామోంగ్ లూప్ అని, ఊరి చుట్టూ కొండల్లో నూరు కిలోమీటర్ల దారి ఉంటుంది, అటు వెళ్లాం. ముందు రాత్రి వాన పడింది. మే రిమ్ అనే ఊరు దాటి కొండ ఎక్కి దిగుతుంటే కుడివైపు మలుపులో రోడ్డు మీద తడి ఆకులు, ఎదురుగా వస్తున్న పికప్ ట్రక్కు కాస్త మా వైపు జరిగింది. వేగం ముప్పై కూడా లేదు. మా ఆయన కంగారుగా యాక్సిలరేటర్ వదిలి ఎడమ చెయ్యి నొక్కారు. ఇరవై ఏళ్ల అలవాటు, ఆ చేతికి అది క్లచ్. స్కూటర్‌కి అక్కడ ఉండేది బ్రేకు. బండి వంగి ఉన్నప్పుడు తడి ఆకుల మీద బ్రేకు మొత్తం పట్టేస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కుడి పక్కకి పడ్డాం. ఆయన భుజం ఎముక విరిగింది. నా కుడి పిక్క సైలెన్సర్ కింద ఉండిపోయింది. బండి ఎత్తడానికి ఆ పికప్ అబ్బాయి దిగి వచ్చేసరికి ఎన్ని క్షణాలు పట్టిందో తెలియదు గానీ, అరచేయంత మచ్చ ఇప్పటికీ ఉంది. చీర కట్టినా, పంజాబీ డ్రెస్ వేసినా కనపడదు కాబట్టి ఎవరికీ తెలియదు.

ఆసుపత్రి కౌంటర్‌లో ఒకామె చాలా మర్యాదగా రెండే అడిగింది: పాస్‌పోర్టు, లైసెన్సు. మొదటిది షాపులో ఉంది, రెండోది అక్కడ చెల్లదు.

ఇక మీ ప్రశ్నలకు వస్తాను.

మీ ఫ్రెండ్ అబద్ధం చెప్పలేదు. చియాంగ్ మాయ్‌లో కందకం చుట్టూ పోలీసులు తరచూ ఆపుతారు, హెల్మెట్ చూస్తారు, లైసెన్సు అడుగుతారు, ఫైన్ రాసి రసీదు ఇస్తారు. ఆ రసీదు చూపిస్తే మళ్లీ ఫైన్ వేయకుండా వదిలేశారని చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ అతను వెళ్లాడు, తిరిగొచ్చాడు, పడలేదు. అతనికి తెలిసిందల్లా పడకుండా ఉంటే ఎంత ఖర్చవుతుందన్నదే. ఫైన్ కట్టడమంటే లైసెన్సు లేకుండా నడిపానని ఒప్పుకుంటూ కాగితం పుచ్చుకోవడం. రేపు ఏదైనా జరిగి ఇన్సూరెన్స్ వాళ్ల ముందు కూర్చుంటే ఆ రసీదే మీకు ఎదురు సాక్ష్యం.

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవడం పెద్ద పనేమీ కాదు, అందుకే దీన్ని ఎగ్గొట్టేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. ఆర్‌టీఏ ఆఫీసులో దరఖాస్తు చేసుకోవాలి. ఫారం 4ఏ, లైసెన్సు, పాస్‌పోర్టు, మెడికల్ సర్టిఫికెట్, ఫొటోలు. వీసా, టికెట్ జిరాక్సులు కూడా దగ్గర ఉంచుకోండి. కేంద్రం పెట్టిన ఫీజు 1,000 రూపాయలు, దాని మీద సర్వీసు చార్జీలు ఉంటాయి. ఏడాది పాటు చెల్లుతుంది. చిన్న పుస్తకంలా ఉంటుంది. మన దేశం ఈ పర్మిట్‌ని 1949 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం ఇస్తుంది. ఒకప్పుడు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకం పుస్తకం వచ్చేది. 2022 ఆగస్టులో కేంద్ర రవాణా శాఖ నోటిఫికేషన్ ఇచ్చాక దేశమంతా ఒకే నమూనా, మీ లైసెన్సుకు లింకు చేసిన క్యూఆర్ కోడ్‌తో. థాయ్‌లాండ్ ఆ ఒప్పందంలో ఉన్న దేశమే కాబట్టి అక్కడ ఇది చెల్లుతుంది. అయితే ఒంటరిగా చెల్లదు, మన ఒరిజినల్ లైసెన్సు కార్డు కూడా పక్కన ఉండాలి. ఫోన్‌లో డిజిలాకర్ చూపిస్తానంటే అక్కడ కుదరదు.

పుస్తకం చేతికి రాగానే కౌంటర్ దగ్గరే నిలబడి ఒక పని చెయ్యండి. లోపల వాహన రకాలకు గడులుంటాయి. 'ఏ' అంటే మోటార్ సైకిళ్లు, 'బీ' అంటే కార్లు. 'ఏ' గడిలో ముద్ర పడిందో లేదో చూసుకోండి. మీ కార్డు మీద ఎంసీడబ్ల్యూజీ, అంటే గేర్లున్న మోటార్ సైకిల్ అని ఉంటే అది పడాలి. పడకపోతే అప్పుడే అడగండి. పుస్తకం ఉంది కదా అని ధైర్యంగా వెళ్లి, అందులో కారు ముద్ర ఒక్కటే ఉందని పోలీసు చూపించాక తెలుసుకున్నవాళ్లు నాకు తెలుసు.

మీ ఆవిడ విషయంలో చిక్కు సరిగ్గా ఇక్కడే. కారు లైసెన్సు అన్నారు. కార్డు వెనక్కి తిప్పి చూడండి. ఎల్ఎంవీ, అంటే కారు లాంటి తేలికపాటి వాహనం ఒక్కటే ఉంటే ఆవిడ పర్మిట్‌లో 'బీ' మాత్రమే పడుతుంది, థాయ్‌లాండ్‌లో స్కూటర్ నడపడానికి అది పనికిరాదు. ఆ మాటకొస్తే కాలనీలో యాక్టివా నడపడానికి కూడా పనికిరాదు. మనలో చాలామంది కారు లైసెన్సు ఉంటే స్కూటీ దానికిందే వచ్చేస్తుందనుకుంటాం. రాదు. రెండూ వేర్వేరు. పక్క సందులో కూరగాయలకు వెళ్లినప్పుడు ఎవరికైనా తగిలినా కూడా అదే సమస్య. కాబట్టి థాయ్‌లాండ్ సంగతి ఎలా ఉన్నా ఈ వారంలోనే టూవీలర్‌కి ఎల్ఎల్ఆర్, అంటే లెర్నర్ లైసెన్సు తీయించండి. ఎల్ఎల్ఆర్ వచ్చిన 30 రోజుల తర్వాత టెస్ట్‌కి వెళ్లొచ్చు. ఆ పైన పర్మిట్‌కీ టైం కావాలి కాబట్టి నవంబర్‌కి రెండూ అందుతాయో లేదో ఇప్పుడే లెక్క చూసుకోండి. అందకపోతే ఈసారి ఆవిడకు బండి వద్దు, ఇందులో నాకు రెండో మాట లేదు.

ఇన్సూరెన్స్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఉంటాను, మా ఇంట్లో డబ్బు పోయింది ఇక్కడే.

థాయ్‌లాండ్‌లో ప్రతి బండికీ చట్టం ప్రకారం తప్పనిసరి బీమా ఒకటి ఉంటుంది. పో రో బో అంటారు. షాపువాళ్లు "ఇన్సూరెన్స్ ఉంది సార్" అంటే మామూలుగా దాని గురించే. ఎవరి తప్పన్నది తేలకముందే గాయాలకు 30,000 బాత్‌ల వరకు ఇస్తుంది. మన డబ్బులో బాత్‌కి రెండున్నర రూపాయల పైమాటే. బండికి జరిగిన నష్టం, ఎదుటివాళ్ల కారుకి పడిన సొట్ట, వీటితో దానికి సంబంధం లేదు. ఎముక విరిగి ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ అంటే 30,000 ఒక్క పూటలో అయిపోతుంది. మాకు అలాగే అయిపోయింది.

మిగతాది ట్రావెల్ ఇన్సూరెన్స్ చూసుకుంటుంది కదా అని ధీమాగా ఉన్నాం. ఇంటికొచ్చాక బిల్లులన్నీ పంపించాం. నా కాలి ఖర్చు ఇచ్చారు, ఎందుకంటే నేను వెనక కూర్చున్న మనిషిని. ఆయన భుజానిది తిరగ్గొట్టారు. బండి నడిపిన వ్యక్తి దగ్గర ఆ దేశంలో చెల్లే ద్విచక్ర వాహన లైసెన్సు లేదని ఒకే ఒక్క వాక్యం. ఇద్దరం ఒకే బండి మీద నుంచి ఒకే క్షణంలో పడ్డాం. ఒకరిది కవర్ అయింది, ఒకరిది కాలేదు. మూడు నెలలు ఉత్తరాలు రాశాను. వాళ్లను తప్పు పట్టే ఒక్క అక్షరం కూడా పాలసీలో దొరకలేదు, అంతా రాసే ఉంది.

మీరు తీసుకున్న పాలసీ డాక్యుమెంట్ తెరిచి, వర్తించనివి అని ఇచ్చిన పేజీలు చదవండి. కొన్ని పాలసీల్లో సాహస క్రీడల జాబితాలో బండి నడపడాన్నీ కలిపేస్తారు. కొన్నిట్లో ఇంజను సీసీకి పరిమితి ఉంటుంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "ఉంటుంది సార్" అంటారు, ఆ మాట నిలవదు. ఈమెయిల్ రాయండి. "నేను థాయ్‌లాండ్‌లో ఇంటర్నేషనల్ పర్మిట్‌తో, హెల్మెట్ పెట్టుకుని, 125 సీసీ అద్దె స్కూటర్ నడుపుతాను. ప్రమాదం జరిగితే నా వైద్య ఖర్చులూ, వెనక కూర్చున్న నా భార్య ఖర్చులూ వర్తిస్తాయా?" అని ఇంతే. జవాబు రాతపూర్వకంగా రావాలి. రాకపోయినా, నీళ్లు నమిలినా ఆ పాలసీతో బండి ఎక్కకండి. ఇంకా టైం ఉంది, వేరేది తీసుకోవచ్చు.

ఇందులోనే మందు సంగతి కూడా. మన దగ్గర 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల మద్యం పరిమితి అయితే అక్కడ 50 అని, ఒక బీరు తాగొచ్చని చెప్పేవాళ్లుంటారు. పోలీసులకు ఆ లెక్క సరిపోతుందేమో గానీ, ఇన్సూరెన్స్ వాళ్లకు ఆసుపత్రి రిపోర్టులో 'మద్యం' అన్న మాట కనపడితే చాలు. సాయంత్రం తాగాలనుకుంటే తాళం రూములో పెట్టి నడిచి వెళ్లండి. పాయ్ ఊరంతా నడిచి తిరిగేయొచ్చు.

పాస్‌పోర్టు పెట్టొద్దు. పాస్‌పోర్టు మీ ఆస్తి కూడా కాదు, 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం ప్రకారం అది భారత ప్రభుత్వానిది. ఇంకొకరి దగ్గర తాకట్టు పెట్టే హక్కు మనకి లేదు. అసలు సమస్య చట్టం కంటే దగ్గరగా ఉంటుంది. మా బండికి ఒక పక్క అద్దం విరిగింది, పక్కనుండే ప్లాస్టిక్ తొడుగు గీసుకుపోయింది. షాపతను ఆసుపత్రికి వచ్చి 15,000 బాత్‌లు ఇస్తేనే పాస్‌పోర్టు అన్నాడు. భుజానికి కట్టుతో మనిషి మంచం మీద, రెండు రోజుల్లో ఫ్లైట్, పాస్‌పోర్టు అతని సొరుగులో. బేరమాడే స్థితా అది? చివరికి టూరిస్ట్ పోలీసులకి ఫోన్ చేస్తే ఒకావిడ వచ్చి మాట్లాడింది, 6,000కి తేలింది. ఆ నంబరు 1155, ఇంగ్లిష్‌లో మాట్లాడతారు. అంబులెన్స్‌కి 1669. రెండూ ఇప్పుడే ఫోన్‌లో వేసుకోండి, మీ ఆవిడ ఫోన్‌లో కూడా.

పాస్‌పోర్టు జిరాక్సు, దాంతోపాటు కొన్ని వేల బాత్‌ల డిపాజిట్ తీసుకుని బండి ఇచ్చే షాపులు చియాంగ్ మాయ్‌లోనూ పాయ్‌లోనూ కావలసినన్ని. ఒరిజినల్ కావాల్సిందే అంటే నమస్కారం పెట్టి పక్క షాపుకి వెళ్లండి. డిపాజిట్‌కి రసీదు రాయించుకోండి. తీసుకునేటప్పుడు ఫోన్‌తో బండి చుట్టూ వీడియో తీయండి, షాపతన్ని కూడా ఫ్రేములో ఉంచుతూ. వంగి కింద కూడా తీయండి, ఎందుకంటే పాత గీతలు ఎక్కువగా కింద అంచుల్లో, బ్రేకు లివర్ కొసల్లో, సైలెన్సర్ మీద ఉంటాయి. తర్వాత డబ్బు అడిగేదీ వాటికే. టైరు మీద గోరు పెట్టి గాడి లోతు చూడండి. బ్రేకు నొక్కి బండిని తోసి చూడండి. లైట్లు, హారన్, ఇండికేటర్లు. పెట్రోలు ఎంత ఉందో కూడా ఫొటో. ఇదంతా పది నిమిషాలు. మీరు ఇంత చూస్తున్నారని తెలిస్తేనే చాలామంది మంచి బండి తీసిస్తారు.

హెల్మెట్ సంగతి. షాపులో ఇచ్చేవి ఎక్కువగా సగం డిప్పలు, బెల్టు వదులుగా ఊగుతుంటుంది. మీరిద్దరూ ఇక్కడ వాడే ఫుల్ ఫేస్ హెల్మెట్లు సూట్‌కేసులో పెట్టి తీసుకెళ్లండి. లోపల బట్టలు కుక్కితే జాగా కూడా వృథా కాదు. థాయ్‌లాండ్‌లో రోడ్డు ప్రమాదాల్లో పోయేవాళ్లలో దాదాపు ముప్పావు వంతు బండ్ల మీద వెళ్లేవాళ్లే. రోడ్లు మన కంటే నున్నగా ఉంటాయి, అందుకే వేగాలు ఎక్కువ. వెనక కూర్చున్నవారికీ హెల్మెట్ తప్పనిసరి.

ఇప్పుడు మీ బుల్లెట్ అనుభవం. ఎనిమిదేళ్లు, మూడు ఘాట్లు, కాదనను. రోడ్డు చదవడం, మలుపు అవతల ఏముందో ఊహించడం, ఇవి మీకు వచ్చు. అక్కడా మనలాగే ఎడమవైపే నడపాలి, అది ఇంకో అదృష్టం. కానీ చేతులకూ కాళ్లకూ ఉన్న అలవాటు మాత్రం మీకు ఎదురు తిరుగుతుంది, మా ఆయన విషయంలో చూశారుగా. బుల్లెట్‌లో ఎడమ చెయ్యి క్లచ్, కుడి పాదం వెనక బ్రేకు. స్కూటర్‌లో పాదాలకు పనే లేదు. భయపడిన క్షణంలో ఆలోచించి చేసేదేమీ ఉండదు, చెయ్యే చేసేస్తుంది. కొత్త చెయ్యి తయారుకావాలంటే రోజులు పడుతుంది.

రెండోది, ఘాట్ దిగేటప్పుడు బుల్లెట్‌ని మీరు రెండో గేరులో పెట్టి ఇంజనుతోనే పట్టి దించుతారు. గేర్లు లేని స్కూటర్‌లో ఆ పట్టు చాలా తక్కువ, వేగం బాగా పడిపోతే అదీ వదిలేస్తుంది, బండి తేలిపోతున్నట్టు జారుతుంది. అప్పుడు బ్రేకు మీదే బతుకు. ఇద్దరు మనుషులు, ఒక బ్యాగు, పది కిలోమీటర్ల దిగుడు, వేలు బ్రేకు మీంచి తీయకపోతే అది వేడెక్కి పట్టు తగ్గిపోతుంది. నొక్కి వదలాలి, మళ్లీ నొక్కి వదలాలి, మధ్యలో ఆగి చల్లారనివ్వాలి. కాలిన వాసన వస్తే ఇంకొక్క మలుపు కూడా దిగొద్దు, పక్కకి ఆపేయండి.

పాయ్ రోడ్డు, అంటే 1095 నంబరు రోడ్డు, మే మలాయ్ దగ్గర మొదలవుతుంది. అక్కడ పెట్రోలు పోయించుకుని ఎక్కితే ఇక కొండే. 762 మలుపులని పాయ్‌లో టీషర్టుల మీద కూడా అచ్చేసి అమ్ముతారు. రోడ్డు నిజంగా అందంగా ఉంటుంది, నేను అబద్ధం చెప్పను. కానీ దాని మీద మీరు ఒక్కరే ఉండరు. రోజంతా టూరిస్టు వ్యాన్లు తిరుగుతుంటాయి, ఆ డ్రైవర్లకు ప్రతి మలుపూ కంఠతా వచ్చు, అందుకే మలుపుల్ని అడ్డంగా కోసుకుంటూ వస్తారు. మొదటి రోజు చేతికొచ్చిన కొత్త బండితో, వెనక భార్యతో, వెనకాల హారన్ కొట్టకుండానే ఆనుకుని వచ్చే వ్యాన్‌తో నేర్చుకునే చోటు అది కాదు. పాయ్ వీధుల్లో మోకాళ్లకూ మోచేతులకూ కట్లు కట్టుకుని తిరిగే కుర్రవాళ్లను చూస్తారు. వాళ్లలో చాలామంది ఆ రోడ్డు మీదే నేర్చుకుందామనుకున్నవాళ్లు.

అందుకని నేనైతే ఇలా చేస్తాను. రెండేళ్ల తర్వాత మేం మళ్లీ వెళ్లినప్పుడు ఇలాగే చేశాం. చియాంగ్ మాయ్‌లో ఆర్కేడ్ బస్ స్టేషన్ నుంచి పాయ్‌కి వ్యాన్ ఎక్కండి. మూడు గంటలు. కడుపులో తిప్పుతుంది కాబట్టి అరగంట ముందే వాంతుల మాత్ర వేసుకోండి, ముందు సీట్లు అడగండి. పాయ్‌లో దిగి అక్కడ బండి తీసుకోండి. మొదటి పూట ఊరి చుట్టూ ఉన్న చదును రోడ్ల మీద, మో పాయెంగ్ జలపాతం వైపు, పొలాల మధ్య నుంచి నెమ్మదిగా. నవంబర్‌లో వరి కోతలు, పొద్దున మంచు, దారికి అడ్డంగా కుక్కలూ ఆవులూ, అచ్చం మన ఊరి రోడ్డు మీద వెళ్తున్నట్టే ఉంటుంది. మర్నాడు పాయ్ కాన్యన్, పాత ఇనుప వంతెన. ఆ రెండూ 1095 మీదే, ఊరికి పది కిలోమీటర్ల లోపే. అంటే మీరు కోరుకున్న రోడ్డు మీద, మీకు అలవాటైన బండితో, దానిలో తేలికైన ముక్క నడిపినట్టు. అది హాయిగా అనిపిస్తే ఇంకో రోజు ఉదయాన్నే, వ్యాన్లు రాకముందు, ఇంకాస్త పైకి వెళ్లి వెనక్కి రండి. చీకటి పడేలోపు రూముకి చేరాలి. అక్కడ చలికాలం రాత్రి బండి మీద వణుకు పుడుతుంది, ఇద్దరికీ జాకెట్లు పెట్టుకోండి. నిక్కరు, చెప్పులతో మాత్రం ఎక్కకండి. పొడుగు జీన్స్, బూట్లు. నా పిక్క మీదున్నది చూపించగలిగితే ఈ ఒక్క వాక్యం రాయక్కర్లేకపోయేది.

వియత్నాం గురించి క్లుప్తంగా. మన పర్మిట్ అక్కడ చెల్లదు. వియత్నాం 1968 నాటి వియన్నా ఒప్పందంలో చేరిన దేశం, ఆ ఒప్పందం కింద ఇచ్చిన పర్మిట్లనే ఒప్పుకుంటుంది. మనది 1949ది. హా జాంగ్‌లో బండి ఇచ్చేవాళ్లు ఇస్తారు, కానీ లైసెన్సు లేనట్టే లెక్క, ఇన్సూరెన్స్ కథ మళ్లీ మొదటికొస్తుంది. పైగా అక్కడ కుడివైపు నడపాలి. 2025 జనవరి నుంచి ట్రాఫిక్ ఫైన్లు బాగా పెంచారు. తాగి నడపడానికి అక్కడ పరిమితి సున్నా. ఆ లూప్ చూడాలంటే స్థానిక డ్రైవర్ నడిపే బండి వెనక కూర్చుని వెళ్లే పద్ధతి ఉంది, ఈజీ రైడర్ అంటారు. మీ ఇద్దరికీ చెరొక బండి, చెరొక డ్రైవర్. చేతిలో హ్యాండిల్ ఉండదని మీకు వెలితిగా ఉండొచ్చు. నేను మాత్రం అదే తీసుకోమంటాను. కొండలు చూడటానికి అసలు వీలు దొరికేది కూడా అప్పుడే.

మళ్లీ మొదటికి వస్తాను. వెనక కూర్చున్న మనిషికి బ్రేకు లేదు, హ్యాండిల్ లేదు, మలుపు అవతల ఏముందో ముందున్న భుజాల వల్ల కనపడదు. నడిపేవారికి వేగం సరదాగా ఉన్న చోట వెనకున్నవారికి అది చీకట్లో మెట్లు దిగినట్టు ఉంటుంది. ఆ రోజు పడకముందు రెండు మలుపుల నుంచీ నాకు భయంగానే ఉంది. అడిగితే ఏమనుకుంటారో, ట్రిప్పు పాడు చేసినట్టవుతుందేమో అని నోరు మూసుకున్నాను. ఆ సంగతి మా ఆయనకు ఆసుపత్రిలో చెప్తే ఆయన ముఖం చూడలేకపోయాను. మీ ఆవిడకు భయం ఉందని మీకు ముందే చెప్పింది, అది మీ ఇద్దరి అదృష్టం. దేనికి భయమో కూర్చోబెట్టి అడగండి. వేగమా, లోయా, లారీలా, లేక ఊరుకాని ఊళ్లో ఏదైనా అయితే ఎవరిని పిలవాలన్నదా? ఒక్కోదానికి ఒక్కో ఉపాయం ఉంటుంది, కొన్నిటికి ఉండదు. ఏమీ లేకపోతే మానేయండి, పాయ్‌లో సైకిలు కూడా అద్దెకిస్తారు.

ఇంకో మాట, మీ ఇంట్లోనే యాక్టివా ఉంది కదా. దానికీ ఎడమ చేతికే బ్రేకు. నవంబర్ దాకా వారాంతాల్లో బుల్లెట్ షెడ్డులో పెట్టి, ఆవిడను వెనక కూర్చోబెట్టుకుని యాక్టివా మీద తిరగండి. ఖాళీ గ్రౌండులో ఇరవై వేగంలో వెళ్తూ ఆవిడ చెప్పినప్పుడు ఉన్నట్టుండి ఆపడం, నలభై యాభై సార్లు. మీ ఎడమ చెయ్యి క్లచ్‌ని మర్చిపోయేదాకా. దాంతోపాటు మేమిద్దరం ఆ ప్రమాదం తర్వాత పెట్టుకున్న గుర్తు ఒకటి ఉంది, అది కూడా సాధన చెయ్యండి. హెల్మెట్లలో మాటలు వినపడవు కాబట్టి భుజం మీద చేత్తో తట్టడమే. ఒకసారి తడితే నెమ్మది. రెండుసార్లు తడితే పక్కకి తీసి ఆపెయ్యాలి, ఎందుకని అడగకూడదు. ఆపి, దిగి, నీళ్లు తాగాకే అడగాలి.